మార్జిన్

ఇరవై రెండో నంబరు గదిలో
సోమవారం వ్యాపారం ఓనమాలు,
బుధవారం వెబ్ డిజైన్.
రాత్రి తొమ్మిదిన్నర దాటితే రెండూ నావే.
బోర్డు మీద మిగిలింది తుడిచేది నేను.

థండర్ బేలో నవంబరంటే
ఐదింటికల్లా చీకటి.
సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలి
తలుపు సందులో ఈల నేర్చుకుంటూ ఉంటుంది.
పాతికేళ్ళు కాగితం మిల్లులో చేశాను,
మిల్లు మూశాక ఈ గుడ్డా, ఈ బకెట్టూ.
చదువుకోలేదని మాత్రం అనను.
తుడిచే ముందు చదువుతాను.

సోమవారం ఫెయిర్‌వెదర్ మాస్టారు
మార్జిన్ అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు:
అమ్మిన ధరలో అయిన ఖర్చు పోగా
చేతిలో మిగిలేది.
బుధవారం బ్రియెల్ అనే చిన్నమ్మాయి
అదే చోట, అదే మాట:
బొమ్మ చుట్టూ వదిలే ఖాళీ.
అక్కడ ఏమీ పెట్టకండి అని బాణం గీసి మరీ.

తుడుపుకర్ర మీద గడ్డం ఆనించి
చాలాసేపు నిలబడ్డాను.
ఒకరికి మిగిలింది, ఒకరు వదిలింది.
నా గుడ్డకి మాత్రం రెండూ ఒకే నీలం.

రెండు తరగతుల్లోనూ ఉండే మనిషి ఒక్కతే,
ఇర్మా కోస్కి, అరవైకి రెండు తక్కువ.
తెల్లచేపల్ని పొగబెట్టి అమ్ముతుంది.
ఆమె కుర్చీ ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలను,
మేపుల్ కట్టె పొగ వాసన.
పిల్లలంతా వెళ్ళిపోయాక కూడా
తెర మీద ఒక్క చేప ఫొటోని
కుడికి జరిపి, ఎడమకి జరిపి,
పసిబిడ్డని పక్క మీద సర్దినట్టు,
"దానికి ఇంకొంచెం చోటివ్వాలి నెస్టర్"
అనేది, నావైపు చూడకుండా.

ఒక సోమవారం ఆమె లెక్క బోర్డు మీదే ఉండిపోయింది.
చేప, నాలుగు డాలర్ల పది.
ఉప్పు, ముప్పై సెంట్లు.
కట్టె, కాగితం, పురికొస కలిపి ఒకటీ అరవై.
పొగగది తలుపు కొత్త బందు ఖరీదు కూడా
చేపకింత అని అందులోనే పంచి వేసింది.
అమ్మకం పదకొండు. మిగిలింది ఐదు.
పక్కన మాస్టారి ఎర్ర టిక్కు.

గుడ్డ ఎత్తాను. దించాను.
తెల్లారి నాలుగింటికి లేచేదెవరు?
వేళ్ళు కొంకర్లు పోతుంటే పొలుసు గీరేదెవరు?
మంట పెరగనీకుండా, ఆరనీకుండా
ఆరు గంటలు కళ్ళు నులుముకునేదెవరు?
వండినమ్మ ఆకలి ఎవరూ పద్దులో రాయరు.
నాకు వ్యాపారం తెలీదు గానీ
గంట ఖరీదు తెలుసు:
పద్దెనిమిది డాలర్ల ఇరవై సెంట్లు,
రెండు వారాలకోసారి చీటీ మీద అచ్చేసి ఇస్తారు.
మాస్టారి పెన్ను తీసి
జన్మలో మొదటిసారి ఆ బోర్డు మీద రాశాను:
నీ గంటలేవి?
అన్నీ తుడిచాను. అదొక్కటీ ఉంచాను.

బుధవారం ఆమె రాలేదు.
పై సోమవారమూ రాలేదు.
మంచు పడుతోంది, రోడ్లు బాగాలేవు
అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.
చీపురు పట్టినవాడికి నోరెందుకని తిట్టుకున్నాను కూడా.
కుర్చీలో వాసన పల్చబడింది.

డిసెంబరు రెండో వారం
నా బకెట్ బండి మీద ఒక పొట్లం.
పురికొస ముడికి గుచ్చిన బిల్లు.
చేప, ఉప్పు, కట్టె, కాగితం, అన్నీ.
కింద కొత్తగా ఒక వరస:
ఇర్మా, నలభై నిమిషాలు, పన్నెండు డాలర్ల పదమూడు.
"నీ రేటే కట్టుకున్నాను,
ఆఫీసు గోడ మీద ఉద్యోగం కాగితంలో చూశాను.
మొత్తం పద్దెనిమిదీ పదమూడు.
ఇంత పెడితే ఎవరూ కొనరు నెస్టర్.
అయినా తెలియాలిగా.
ఇది మాత్రం ఊరికే."
బిల్లు చుట్టూ నాలుగు వైపులా
ధారాళంగా తెల్లటి ఖాళీ.

కారులో హీటరు పెట్టుకుని తిన్నాను.
మర్నాడు పొద్దున
బోర్డు పొగ వాసనేస్తోందని
ఎవరో ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చారట.